కనబడని బెజ్జము

సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888 సెప్టెంబరు 5 న జన్మించిన తిరుత్తణిలో కాపురముండి, ధర్మాధర్మములను గూర్చి కలము పట్టుట, మెట్రిక్యులేషనుతో చదువు చాలించిన మావంటి గుమాస్తాకు సాహసమే. ఆయన యం. ఏ. పట్టమునకై 1908 లో వేదాంతమందలి నీతిని గూర్చియే వ్యాసము వ్రాసెను. మేము ఉద్యోగమున్నంత కాలము పద్దులు వ్రాసితిమి. అయినను సంచికకు ఏదేని యొకటి వ్రాసి తీరవలెనని సంఘమువారు పట్టుబట్టిరి గనుకను, ఒక ప్రశ్న యేడాదిగా మమ్ము వదలక వెంటాడుచున్నది గనుకను, దానినే పాఠకుల ముందుంచుచున్నాము. ఒక వస్తువులో లోపమున్నది. అది పైకి కనబడదు. దానివలన ఇంతవరకు ఎవరికిని నష్టము కలుగలేదు. ఇకమీదట కలుగునను నమ్మకమును లేదు. అట్టి లోపమును దాచుట తప్పగునా? తప్పే యగుచో, చెప్పివేసినంత మాత్రమున ఆ తప్పు తీరునా?

ఈ ప్రశ్న పుట్టినది చేపలు పట్టు గాలపు కర్రలో. గాలపు కర్రయేమి, ధర్మవిచారమేమి యని కొందరు మొగము చిట్లింపవచ్చును. మేము చేప తినువారము కాము. అట్టి కర్రను చేసియిచ్చుటలో ప్రాణిహింస పాలు కలదా లేదా యను చిక్కు వేరొకటి యున్నది. దానిని ఇచట విప్పబోము. భారతమున కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మము బోధించినవాడు మిథిలానగరమున మాంసము విక్రయించు వ్యాధుడే గదా. అంగడిని చూచి పాఠమును త్రోసివేయ నక్కరలేదు.

అమెరికాలో స్థిరపడిన మా తోడల్లుని కుమారుడు రెండేండ్ల క్రిందట వచ్చినపుడు ఒక మాట చెప్పెను. అచటి వేటగాండ్రు నేటికిని మిక్కిలి గౌరవముతో చేతబట్టునది వెదురును బద్దలుగా చీల్చి, చిత్రిక పట్టి, అతికి చేసిన కర్రనట. ఆ విద్య మొదలిడిన కాలమున వారు వాడినది ‘కలకత్తా వెదురు’ అను పేర మన దేశమునుండి ఓడలలో పోయిన వెదురట. విచారింపగా ఆ కలకత్తా వెదురు మరేమియు గాదు, మనము సాధనపు వెదురనియు, తమిళులు కల్ మూంగిల్ అనియు చెప్పునదే. లోన బోలు తక్కువ, గట్టిదనము ఎక్కువ. మన పెద్దలు ఈటెలకును దుడ్డుకర్రలకును ఏరుకొన్నది అదియే. నగరి కొండల ప్రక్కన పుట్టి పెరిగియు ఈ సంగతి మేమెరుగము.

ఆ కథను క్లుప్తముగా చెప్పెదము. పందొమ్మిదవ శతాబ్ది నడుమ పెన్సిల్వేనియాలోని ఈస్టన్ పట్టణమున సామ్యూల్ ఫిలిప్ అను తుపాకుల పనివాడు వెదురు బద్దల నతికి కర్ర చేసిన తొలివారిలో నొకడు. 1870 దాటిన పిదప మెయిన్ రాష్ట్రమున హైరమ్ లియోనార్డ్ ఆరు బద్దల కర్రలను అమ్మకమునకు చేసి పేరు గడించెను. పిమ్మట చైనాలోని గ్వాంగ్‌డాంగ్ సీమనుండి వచ్చిన టాంకిన్ వెదురు మన వెదురును అంగడినుండి వెడలగొట్టెను. కొరియా యుద్ధకాలమున, 1950 లో, అమెరికా చైనాతో వర్తకము నిలిపివేయగా ఆ వెదురు రెండు దశాబ్దములు రాలేదు. గాజునార కర్రలు వచ్చి నిండినవి. చేతిపనివాండ్రు కొలదిమంది మిగిలిరి. అందొకడగు ఎవరెట్ గారిసన్ అను ఇంజనీరు 1975 లో గతింపగా, ఆయన పనితీరును హోగీ కార్మైకేల్ గ్రంథముగా కూర్చి 1977 లో అచ్చు వేయించెను. ఆ కుర్రవాడు మాకు తెచ్చియిచ్చినది ఆ పుస్తకమే. మన చెన్నపురి రాజధానిలో సివిలు సర్వీసు ఉద్యోగియగు హెచ్. ఎస్. థామస్ దొర ఇండియాలో గాలపు వేటను గూర్చి 1873 లోను, ప్రత్యేకముగా చెరువుల వేటను గూర్చి 1887 లోను ఇంగ్లీషున పుస్తకములు వ్రాసియున్నాడు. దొరలు మన చేపను చక్కగా చూచిరి. మన మేదరవాని చేతిని అంత చక్కగా చూచిరో లేదో.

పని తీరు ఇది. మూడేండ్లు దాటిన ముదురు బొంగును ఎంచి, ఎండబెట్టి, సన్నని బద్దలుగా చీల్చవలెను. ఒక్కొక్క బద్దను టేకు చెక్కలో కోసిన గాడియందుంచి, మూడు ప్రక్కలును సమముగా, ప్రతి మూలయు 60 డిగ్రీలు వచ్చునట్లు చిత్రిక పట్టవలెను. అట్టివి ఆరు చేర్చినచో షట్కోణమగు కర్ర యేర్పడును. బలమంతయు వెదురు పైతోలు క్రింది నారలో నున్నది గనుక ఆ వైపును చిత్రిక తాకరాదు. కోయదగినవి లోపలి రెండు ప్రక్కలే. మొదట 4 మిల్లీమీటర్ల మందమున్న బద్ద కొనకు పోవుసరికి ఒక మిల్లీమీటరుకంటె సన్నమగును. కణుపు దగ్గర నార వంకర తిరిగియుండును. చిత్రిక ఏమాత్రము మొద్దుబారినను అచట లేచిపోవును. కణుపులన్నియు ఒకచో పడకుండ బద్దలను ఎగుడుదిగుడుగా అమర్చవలెను. తేమ పోవుటకు నిప్పుసెగన కాచవలెను. మేము నీటిగొట్టపు ముక్కలో దూర్చి బొగ్గులపై త్రిప్పితిమి. వంటింటి పొయ్యి మాత్రము ముట్టవలదని మా ఇంటావిడ మొదటనే చెప్పియుండెను. పిదప జిగురు పూసి, దారమును ఈ ప్రక్కనుండి యొకసారి, ఆ ప్రక్కనుండి యొకసారి బిగియ చుట్టి ఆరబెట్టవలెను. 7 అడుగుల కర్రకు రెండు ముక్కలు. అనగా పండ్రెండు బద్దలు.

చదువుట సులభమే. చీల్చుట సులభము కాదు. మొదటి మూడు బొంగులు పాడైనవి. చీలిక నడుమ నడువక ప్రక్కకు పోయి, ఒక బద్ద లావుగను ఒకటి చీపురుపుల్లవలెను తేలెడిది. కడకు సిగ్గు విడిచి, బజారువీధి చివర తట్టలు, చేటలు అల్లుచు కూర్చుండు మేదర పెద్దాయన వద్దకు పోతిమి. ఆయన డెబ్బది దాటినవాడు. బంధువులందరు నగరి, పుత్తూరు వైపున నున్నారు. 1960 ఏప్రిల్ 1 న తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మదరాసు రాష్ట్రమున చేరినపుడు సరిహద్దు గీత ఆ కుటుంబము నడుమగా పోయినది. మన ఇండ్లలో పెక్కింటి సంగతియు అదే గదా.

ఆయన కత్తితో బొంగు నోరు తెరిచి, మిగిలినదంతయు చేతులతోనే చీల్చెను. మొదట రెండుగా, పిదప నాలుగుగా, ఎనిమిదిగా. ఎన్నడును ఒక ప్రక్కనుండి సన్నని బద్ద తీయడు. సగము సగముగానే పోవును. ‘చీలిక సన్న పక్కకి పోతాంటే, లావు పక్కని వంచు సామీ. అది దానికదే నడానికి వచ్చేస్తాది’ అనెను. గ్రంథమునుండి మా చేతికి రాని సంగతి ఈ ఒక్క మాటతో వచ్చెను. కర్ర ఎందులకని అడిగి, విని, తలయూపి, మూలనున్న పాత కావడి బద్దను తీసి చూపెను. పూర్వము ఇంటింటికి నీళ్లు మోసినది. ‘నడిచేవాడి అడుగుతో పాటు ఊగితే భుజానికి నొప్పి తెలీదు. ఊగని బద్ద మనిషిని తినేస్తాది’ అనెను. గాలపు కర్ర వంగుటయు అందులకే. చేప గుంజిన గుంజు కర్రలో ఇంకిపోవును గనుక దారము తెగదు. నీళ్లకావడిని చిన్ననాటినుండి చూచియు, అది ఏల ఊగునో అరువదియేండ్లు దాటిన పిదప తెలిసికొంటిమి.

అయిదు నెలలకు, చెడినవి పోగా, పండ్రెండు బద్దలు తేలినవి. జిగురు కలిపితిమి. రెండు గొట్టములలో వచ్చు ఆ ఎపాక్సీ జిగురు కలిపిన పిదప మనకొరకు ఆగదు. అరగంటలో బిగియ నారంభించును. అప్పుడు దీపపు వెలుగున, కొనముక్క బద్దలలో నొకదాని లోపలి ముఖమున, సూదిమొన పట్టునంత బెజ్జము కనబడెను. పుప్పి పురుగు తొలిచినది. వెదురులోని పిండికై ఆ పురుగు చేరును. మేదరవారు బొంగులను నీట నానవేయుట ఆ పిండి పోవుటకే. మేము తొందరపడి నానని బొంగును తెచ్చితిమి. ఆ ఒక్క బద్ద మరల చేయుటకు మాకు పది దినములు పట్టును. పురుగు నిప్పుసెగకు చచ్చియుండును. బెజ్జమును జిగురు పూడ్చును. పైన వార్నీషు పడును. ఇవన్నియు నిజములే. అబద్ధమొక్కటియు ఆడకుండ మనసు తన్నుతాను ఎట్లు ఒప్పించుకొనునో ఆ కొలది నిమిషములలో చూచితిమి. బద్దను చేర్చి దారము చుట్టితిమి.

ఆ కర్రను తిరువళ్ళూరులోని మా మిత్రునకు ఇచ్చితిమి. ఆయన బడిపంతులుగా పనిచేసి విరమించినవాడు. సాయంకాలము కుశస్థలి యేటి మడుగులలోనో ఊరి చెరువులోనో గాలము వేసి కూర్చుండుట ఆయనకు జపమువంటిది. ఎక్కువగా పడునవి 1952 లో మన దేశమునకు తెచ్చిన తిలాపియాలు; వానిని మన ప్రక్కన జిలేబీలందురు. ఇచ్చునపుడు, ‘తొలి ప్రయత్నం మాస్టారూ, లోపాలు ఉండవచ్చు’ అంటిమి. ఆయన దానిని వినయముగా గ్రహించెను. అట్లు గ్రహించునని మాకు ముందే తెలియును. ద్రోణుని ముందు ధర్మరాజు పలికిన మాటలో ఏనుగు పేరు శంఖధ్వనులలో మునిగిపోయినదందురు. మాకు శంఖములు కూడ అక్కరలేకపోయెను. వినయమే ఆ పని చేసినది.

ఆరు నెలలు గడిచినను కర్ర విరుగలేదు. ఒకనాడు రెండు కిలోల కొరమీను పడినదనియు, కర్ర విల్లువలె వంగి నిలిచినదనియు, నీ చేయి బంగారమనియు ఆయన ఫోను చేసి చెప్పెను. సంతోషింపవలసిన మేము ఆ రాత్రి నిద్రపోలేదు.

ఫలమును బట్టియే కార్యమును తూచవలెనని బెంథామ్, మిల్ మొదలగు ఆంగ్ల పండితులు చెప్పిరట. ఆ తూనికలో మా దోషము సున్న. కచేరీ దినములలో మేమును అట్లే తూచితిమి. ఒక పద్దులో నూరు రూపాయలు ఎక్కువ పడి, వేరొక పద్దులో నూరు తక్కువ పడినచో మొత్తము సరిపోవును. తనిఖీకి వచ్చువారు మొత్తమునే చూతురు. అట్టి జంట తప్పు ఒకటి మా చేతనే పడి, మాకు తెలిసియు, దిద్దక విడిచిన సందర్భము కలదు. ఎవరికిని కాసు నష్టము లేదు. దానిని ఘోరపాపమని నాడు తలపలేదు, నేడును తలపము. మరి ఈ సూదిబెజ్జము ఏల బాధింపవలెను? చాలనాళ్లకు తోచిన భేదమిది. పద్దుల పుస్తకమును ఎవరును మెచ్చుకొని మాకు బంగారు చేయి కట్టలేదు. మిత్రుడు ఆ కర్రను ప్రతిదినము తుడిచి గుడ్డసంచిలో పెట్టుచున్నాడు. ఆయన ఇచ్చు మెప్పులో కొంత మాకు చెల్లనిది. చెల్లనిదని తెలిసియే పుచ్చుకొనుచున్నాము. కర్ర విరిగియుండిన, ఈ ఋణము అప్పుడే తేలిపోయెడిది. విరుగకపోవుటచే అది దినదినము పెరుగుచుండెను.

మేదర పెద్దాయనతో ఈ సంగతి చెప్పితిమి. ఆయన నవ్వెను.

‘పుచ్చు బద్ద లేకుండా తట్ట యాడన్నా ఉంటాదా సామీ? దాన్ని అడుక్కి పెట్టం, అంచుకి పెట్టం. నడాన పక్కల్లో అల్లేస్తాం. బరువు దాని మీద పడదు.’

‘కొనేవాళ్ళకు చెబుతావా అన్నా?’

‘చెప్పేదేముండాది? తట్టకి లోపలా బయటా రెండూ కనపడతాయి గదా. చూస్తారు, బేరం ఆడతారు, పది రూపాయలు తగ్గిస్తాం. మీరు దాన్ని నడిమధ్యన పెట్టి జిగురేసి మూసేసినారు. చూసేదానికి లేకుండా చేసినారు.’

‘ఆ బద్దను పారేసి ఉండాల్సింది.’

‘మీకు పింఛను వస్తాది, పారేస్తారు. పుచ్చిందంతా మేము పారేస్తే పొయ్యిలోకే సామీ, కడుపులోకి కాదు.’

ఇంటికి వచ్చుచు దారి పొడుగున ఆ మాటలే నెమరువేసితిమి. ఆకలి బాధ లేక, గడువు లేక, నచ్చనిదానిని పారవేయగల వాని నిజాయితీకి వెల యెంత? ఒక బద్దకు మాకు పోవునది పది దినముల పొద్దు. ఆయనకు పోవునది ఒక పూట కూడు. మేము దానిని పారవేసియున్నను గొప్ప కాదు. పారవేయకపోవుట మాత్రము సిగ్గుచేటు, ఏలయన మాకు అడ్డమేమియు లేకుండెను. ఇంతకాలము చేతిపనివారి సరకులో చిన్న లోపము కనబడినంతనే మోసమని కేకలు వేయు జాతి మాది, ఉద్యోగస్థుల జాతి. అయితే కొనువాడు చూచుకొనవలెననుట అన్నివేళల న్యాయమని మేము ఒప్పుకొనము. మునిమాపువేళ తొందరలో కొనువానికి పుచ్చు బద్ద కనబడదు. పెద్దాయనకు అదియు తెలియును. అయినను ఆయన పద్ధతిలో మాకు లేని సూక్ష్మమొకటి కలదు. లోపమునకు బరువు తగలని చోటు చూపును; చూడగోరిన వానికి దారి మూయడు. గాలపు కర్రలో ఆ రెండును కుదరవు. ఆరు బద్దలును బరువు మోయవలసినవే. లోపము ఒదిగియుండుటకు మూల లేదు. మొదటి ముక్కలో మందమెక్కువ గనుక అచట పెట్టినచో కొంత మేలు. మేము పెట్టినది కొనముక్కలో. ఒకసారి మూసిన పిదప చేసినవాని నోరు తప్ప దానికి వేరు కిటికీ లేదు.

కావున ఒక ఆదివారము రైలెక్కి తిరువళ్ళూరు పోతిమి. వీరరాఘవస్వామివారి కోనేటి గట్టున కూర్చుండి చెప్పితిమి. భక్తులు బెల్లము కరగవేసి మ్రొక్కుకొను ఆ తీర్థమునకు హృత్తాపనాశిని యని పేరు. పేరును బట్టియే ఆ చోటు ఎంచితిమని ఒప్పుకొనుచున్నాము.

ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, ‘ఎక్కడ?’ అనెను. కొనముక్కలో రెండవ కణుపు పైన జానెడు దూరమున నున్నదంటిమి. ఆరు ముఖములలో ఏదియో చెప్పలేకపోతిమి.

‘ఇన్నాళ్ళూ నేను నీళ్ళమీద బెండు వైపు చూసేవాణ్ణి. ఇకనుంచి కర్ర వైపు చూడాలి. నీ మనసులో బరువు నాకిచ్చి నువ్వు తేలిగ్గా రైలెక్కుతావు. ఇచ్చిన రోజునే చెప్పి ఉంటే కర్రతో పాటే తీసుకునేవాణ్ణి. ఇప్పుడెవరి కోసం చెప్పావయ్యా?’

మాకు జవాబు లేకపోయెను. పోవునపుడు ఎంత బరువో తిరిగి వచ్చునపుడును అంతే బరువు. మిత్రుడు అనుకొన్నట్లు మేము తేలికగా రైలెక్కలేదు. చెప్పకుండుట ఆయనను వంచించుట. చెప్పుట ఆయన సాయంకాలములను చెరచుట. దినము దాటిన నిజము వడ్డీతో సహా వచ్చును. ఆ వడ్డీ చెల్లించువాడు చాలసార్లు అప్పుచేసినవాడు కాడు. ఇన్ని తెలిసినను, చెప్పుటయే మేలని నేటికిని తలచుచున్నాము. కాని అది ఆయన కొరకేనని మాత్రము చెప్పుకొనజాలము.

మరల పని మొదలుపెట్టితిమి. ఈసారి బొంగును పెద్దాయనయే ఎంచెను. వెన్నెల లేని పక్షమున కొట్టిన బొంగునే తెప్పించి, ఇరువది దినములు నీట నానవేసి, నీడన ఎండబెట్టించెను. నాలుగు నెలలు పట్టినది. పండ్రెండు బద్దలును సిద్ధమైన పిదప జిగురు కలుపక మిత్రునకు కబురంపితిమి. ఆయన తిరుత్తణి వచ్చి, కిటికీ దగ్గర కూర్చుండి, కండ్లద్దములు తుడుచుకొని, ఒక్కొక్క బద్దను తిప్పి తిప్పి గంటసేపు చూచెను. పెద్దాయనయు వచ్చి గడపలో కూర్చుండెను. ఒక బద్దను మిత్రుడు ప్రక్కన పెట్టెను. అది కణుపు దగ్గర వెంట్రుకవాసి నార లేచినది, మాకు కనబడలేదు. దానిని మరల చేయుటకు ఎనిమిది దినములు పట్టినది. రెండవమారు వచ్చి చూచి, ‘ఇక మూసెయ్యి’ అనెను.

క్రొత్త కర్ర ఆయన యింట అటుకపై గుడ్డసంచిలోనే యున్నది. చెరువునకు తీసికొనిపోవునది పాతదే. కొనముక్కలో రెండవ కణుపు పైన జానెడు దూరమున, ఆరు ముఖములను కలిపి, ఎర్రని పట్టుదారము బిగించియున్నాడు. ఆ చుట్టు మా చుట్టుకంటె నేర్పుగా నున్నది. చేప పడిన దినమున ఫోను చేయును. కర్ర మాట ఎత్తడు. క్రొత్తది ఏల వాడవని మేమును అడుగము.